దేశవాళీ పశుజాతులు: అంతరించే ప్రమాదాన్ని అంచనా వేయడం ఎలా?

2019లో జరిగిన 20వ అఖిల భారత పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే ప్రథమ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోను నిలిచాయి. తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలు ఉన్నట్లు ఆ గణనలో తేలింది. 2012 గణనతో పోలిస్తే తెలంగాణలో గొర్రెలు దాదాపు సగం మేర పెరిగాయి. ఈ అంకెలను చూసినవారికి తెలుగు నేల మీద గొర్రె జాతులకు ఏ లోటూ లేదనిపించడం సహజం. అయితే దక్కను పీఠభూమిలో తరతరాలుగా కురుమల మందల్లో పెరిగి, గొంగడి నేతకు నల్లని ఉన్నిని అందించిన దక్కనీ గొర్రె ఎంత మిగిలిందన్నది ఈ అంకె చెప్పదు. మంద పెద్దదవుతున్న కాలంలోనే అందులోని ఒక జాతి కరిగిపోవచ్చు. పశువుల సంఖ్య, పశుజాతి భద్రత అనేవి రెండు వేర్వేరు విషయాలు. రెండవదానిని కొలవడానికి వేరే పద్ధతులు అవసరం.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) 2007లో ప్రపంచ పశు జన్యు వనరులపై తొలి సమగ్ర నివేదికను వెలువరించింది. అప్పటికి నమోదైన 7,616 జాతుల్లో 20 శాతం జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని, అంతకు ముందటి ఆరేళ్లలోనే 62 జాతులు కనుమరుగయ్యాయని, అంటే నెలకు దాదాపు ఒకటి చొప్పున పోయాయని అందులో పేర్కొన్నది. అదే సంవత్సరం సెప్టెంబరులో స్విట్జర్లాండులోని ఇంటర్‌లాకెన్‌లో 109 దేశాల ప్రతినిధులు సమావేశమై పశు జన్యు వనరుల పరిరక్షణకు ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను ఆమోదించారు. 2015లో వెలువడిన రెండవ నివేదికలో నమోదైన జాతుల సంఖ్య 8,774కు చేరింది. వాటిలో 17 శాతం ప్రమాదంలో ఉన్నట్లు తేలింది. ఈ శాతం తగ్గిందని సంతోషించే ముందు అదే నివేదికలోని మరొక అంకెను గమనించాలి. 58 శాతం జాతుల పరిస్థితి అసలు తెలియదని అందులో ఉన్నది. ప్రమాదంలో ఉన్న జాతుల కంటే, ప్రమాదంలో ఉన్నదో లేదో తెలియని జాతులే మూడు రెట్లకు పైగా ఉన్నాయన్నమాట.

మన దేశంలో ఈ బాధ్యతను 1984లో ఏర్పాటై, హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నిర్వహిస్తున్నది. జాతుల నమోదు, వాటి లక్షణాల నిర్ధారణ, వీర్యం తదితర జన్యు పదార్థాలను భద్రపరచడం దీని విధుల్లో ముఖ్యమైనవి. 2023 ప్రారంభం నాటికి ఈ సంస్థ వద్ద నమోదైన దేశవాళీ జాతులు 212. వీటిలో గోజాతులు 53, గేదె జాతులు 20, గొర్రె జాతులు 44, మేక జాతులు 37, కోడి జాతులు 19 ఉన్నాయి. ఒంగోలు, పుంగనూరు గోజాతులు, నెల్లూరు, మాచెర్ల గొర్రెలు, అసీల్, కాళహస్తి కోళ్లు తెలుగు ప్రాంతాల వాటా కాగా, దక్కనీ గొర్రె తెలంగాణతోపాటు మహారాష్ట్ర, కర్ణాటకలకు ఉమ్మడి జాతి.

ఆబోతుల లెక్క

ఒక జాతి ప్రమాదంలో ఉన్నదా లేదా అని తేల్చేటప్పుడు నిపుణులు మొదట అడిగే ప్రశ్న ఆ జాతి పశువులు ఎన్ని ఉన్నాయని కాదు. సంతానోత్పత్తికి పనికివచ్చే ఆడ పశువులు ఎన్ని, వాటితో దాటే మగ పశువులు ఎన్ని అని అడుగుతారు. దూడలు, వట్టిపోయిన ఆవులు, విత్తులు కొట్టిన ఎద్దులు తలల లెక్కలోకి వస్తాయి కాని జాతి మనుగడ లెక్కలోకి రావు. అరక దున్నే ఎద్దులు ఒక మండలంలో వెయ్యి ఉండవచ్చు. అవి ఒక్క దూడకు కూడా తండ్రులు కాలేవు.

ఈ రెండింటిలో మగ పశువుల లెక్కే సాధారణంగా మరుగున పడిపోతున్నది. ఊరికి ఒక ఆబోతు చాలునన్నది పాత అలవాటు. కృత్రిమ గర్భధారణ వచ్చాక ఒకే ఆబోతు వీర్యంతో వేలాది ఆవులను చూడి కట్టించడం సాధ్యమైంది. పాల దిగుబడి పెంచడానికి ఇది మేలైన పద్ధతే. కాని ఒక చిన్న జాతిలో కొద్ది ఆబోతుల వీర్యమే పదేపదే వాడితే పుట్టే దూడలన్నీ ఒకే తండ్రి బిడ్డలు అవుతాయి. తరువాతి తరంలో రక్తసంబంధం ఉన్న పశువుల మధ్యే సంకరం జరుగుతుంది. ఈడు ఆలస్యం కావడం, చూడి నిలవకపోవడం, పుట్టిన దూడలు బలహీనంగా ఉండటం, రోగాలను తట్టుకునే శక్తి తగ్గడం దీని ఫలితాలు. దీనినే అంతఃప్రజననం అంటారు.

ఈ ప్రమాదాన్ని అంకెల్లో చెప్పడానికి అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ రూపొందించిన సూత్రం నేటికీ ఆధారంగా ఉన్నది. సంతానోత్పత్తిలో పాల్గొనే మగ, ఆడ పశువుల సంఖ్యలను ఒకదానితో ఒకటి గుణించి, ఆ లబ్ధాన్ని నాలుగు రెట్లు చేసి, మగ, ఆడ పశువుల మొత్తంతో భాగించాలి. వచ్చినదాన్ని ప్రభావక సంఖ్య అంటారు. ఒకటిని ఈ సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే తరానికి ఎంత మేర అంతఃప్రజననం పెరుగుతుందో తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక జాతిలో వెయ్యి ఆవులు, నాలుగు ఆబోతులు ఉన్నాయనుకుందాం. సూత్రం ప్రకారం దాని ప్రభావక సంఖ్య సుమారు 16 మాత్రమే. తరానికి అంతఃప్రజననం 3 శాతానికి పైగా పెరుగుతుంది. మరొక జాతిలో వంద ఆవులు, 20 ఆబోతులు ఉన్నాయనుకుంటే ప్రభావక సంఖ్య సుమారు 67 అవుతుంది. అంతఃప్రజననం తరానికి 0.75 శాతం మాత్రమే. అంటే 1,004 పశువులున్న మంద కంటే 120 పశువులున్న మంద జన్యుపరంగా నాలుగు రెట్లు పెద్దది. మొదటి మందకు మరో 20 ఆబోతులు సమకూర్చితే చాలావరకు గండం గడుస్తుంది. రెండవ మందకు కావలసినది ఆవుల సంఖ్య పెరగడం, దానికి ఏళ్లు పడుతుంది. రెండు మందలూ ప్రమాదంలోనే ఉన్నా వాటికి చేయవలసిన చికిత్స ఒకటి కాదు. ఏ పథకమైనా ఈ తేడాను గుర్తించకుండా రెండింటికీ ఒకే విధంగా నిధులు కేటాయిస్తే ఆ ధనం వృథా కావచ్చు.

తరగతులు, హద్దులు

ఎఫ్.ఎ.ఓ. 2013లో వెలువరించిన మార్గదర్శకాలు పశువుల సంతానోత్పత్తి శక్తిని బట్టి హద్దులను నిర్ణయించాయి. ఆవు ఏడాదికి ఒక దూడను ఈనడమే గొప్ప. కోడిపెట్ట పదుల సంఖ్యలో పిల్లలను లేపుతుంది. అందువల్ల ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, గుర్రాలు, గాడిదలు, ఒంటెలను ఒక వర్గంగాను, పందులు, కుందేళ్లు, కోళ్లు తదితరాలను మరొక వర్గంగాను పరిగణిస్తారు. మొదటి వర్గంలో ఈనదగిన ఆడ పశువులు 300కు మించకున్నా, దాటే మగవి ఐదుకు మించకున్నా ఆ జాతి అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నట్లు. ఆడవి 3,000 లోపు లేదా మగవి 20 లోపు ఉంటే ప్రమాదంలో ఉన్నట్లు. ఆడవి 6,000 లోపు లేదా మగవి 35 లోపు ఉంటే ముప్పు పొంచి ఉన్న జాతిగా భావిస్తారు. కోళ్లు, పందుల వంటి వాటికి ఆడవాటి హద్దులు వరుసగా 100, 1,000, 2,000. రెండు లెక్కల్లో ఏది అధ్వానంగా ఉంటే దానినే ప్రమాణంగా తీసుకోవాలన్నది ఇక్కడ కీలకమైన నియమం. పదివేల ఆవులున్నా ఆబోతులు నాలుగే ఉంటే ఆ జాతి అత్యంత ప్రమాదకర స్థితిలోనే ఉన్నట్లు లెక్క.

వీటితోపాటు రెండు ప్రత్యేక తరగతులు ఉన్నాయి. ప్రాణంతో ఉన్న పశువు ఒక్కటీ లేకపోయినా, జాతిని తిరిగి నిలబెట్టడానికి సరిపడా జన్యు పదార్థం అతిశీతల స్థితిలో భద్రంగా ఉంటే అది ఒక తరగతి. రెండవది 'తెలియదు' అనే తరగతి. గత పదేళ్లలో సంఖ్యా వివరాలు అందని జాతిని ఇందులో చేరుస్తారు. ఈ తరగతిని భద్రతకు నిదర్శనంగా భావించే పొరపాటు పత్రికా కథనాల్లోనే కాక కార్యాలయ నివేదికల్లోను కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 2.5.2 సూచిక స్థానిక జాతుల్లో ప్రమాదంలో ఉన్నవి ఎంత శాతమో తెలపాలని నిర్దేశించింది. ఏ ప్రభుత్వమైనా ఆ సూచికకు ఇచ్చే సమాధానం విశ్వసనీయంగా ఉండాలంటే ముందు 'తెలియదు' గడి ఖాళీ కావాలి.

దక్కనీ మందలో నెల్లూరు పొట్టేలు

తలల లెక్కకు అందని మరొక అంశం జాతి స్వచ్ఛత. ఒక జాతి ఆడ పశువుల్లో ఎన్ని అదే జాతి మగవాటితో కలుస్తున్నాయన్నది నిపుణులు తప్పక అడుగుతారు. ఎఫ్.ఎ.ఓ. 2007 నాటి ప్రమాణాల్లో ఈ నిష్పత్తి 80 శాతం కంటే తక్కువగా ఉండి, సంఖ్య కూడా తగ్గుతున్నట్లయితే, హద్దుకు కాస్త పైనున్న జాతిని కూడా ప్రమాద తరగతిలోనే చేర్చారు.

దక్కనీ గొర్రె ఈ అంశానికి సరైన ఉదాహరణ. పొట్టి శరీరం, ముతక ఉన్ని, మైళ్లకొద్దీ నడిచి ఎండుగడ్డి మీద కూడా బతకగల ఓర్పు దీని లక్షణాలు. ఒకప్పుడు ఉన్ని, మాంసం, పొలంలో మంద కట్టినందుకు రైతు ఇచ్చే ప్రతిఫలం అనే మూడు ఆదాయాలు కాపరికి దీని మీద వచ్చేవి. మిల్లు దుప్పట్లు, కృత్రిమ నూలు వచ్చాక గొంగడికి గిరాకీ పడిపోయింది. ఉన్ని కత్తిరించే కూలి ఉన్ని ధర కంటే ఎక్కువయ్యే స్థితి వచ్చింది. మిగిలిన ఆదాయం మాంసమే. మాంసానికి ఎత్తుగా, బరువుగా పెరిగే నెల్లూరు గొర్రె మేలు. పల్లా, జోడిపి, డోర అనే మూడు రకాల్లో లభించే ఈ గొర్రెకు ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకే ఉంటుంది. కత్తిరింపు ఖర్చు కూడా తప్పుతుంది.

కాపరి చేసినది ఆర్థికంగా సరైన పనే. తన దక్కనీ గొర్రెలను అమ్ముకోలేదు, నెల్లూరు పొట్టేలును కొని మందలో వదిలాడు. తొలి ఈతలోనే పిల్లలు బరువుగా పుట్టాయి, సంతలో మంచి ధర పలికాయి. ఆ పిల్లల్లో ఆడవాటిని ఉంచుకుని మళ్లీ నెల్లూరు పొట్టేలుతోనే కలిపించాడు. మొదటి తరంలో దక్కనీ రక్తం సగం, రెండవ తరంలో పావు, మూడవ తరంలో అరపావు. గొర్రెల్లో తరానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కనుక పది పన్నెండేళ్లలో మంద స్వరూపమే మారిపోతుంది. ఈ కాలంలో మంద ఒక్క తల కూడా తగ్గదు, పైగా పెరుగుతుంది. 2017లో తెలంగాణలో ప్రారంభమైన గొర్రెల పంపిణీ వంటి భారీ పథకాల విజయాన్ని పంపిణీ అయిన గొర్రెల సంఖ్యతో, పెరిగిన ఆదాయంతో కొలుస్తారు. పంపిణీ చేసిన గొర్రె ఏ జాతిది, అది చేరిన గ్రామంలో అంతకుముందు ఏ జాతి ఉన్నది అన్న రెండు గడులు కూడా నమోదు పత్రంలో ఉన్నప్పుడే ఆ పథకం స్థానిక జాతికి మేలు చేసిందో కీడు చేసిందో చెప్పగలం.

కరువు ఏడాదిలో మేత కోసం వందల మైళ్లు నడిపించవలసి వచ్చినప్పుడు బరువైన గొర్రె కంటే ఓర్పున్న గొర్రె కాపరికి ఉపయోగపడుతుంది. వాతావరణం అంతకంతకూ అనిశ్చితంగా మారుతున్న రోజుల్లో ఈ లక్షణం విలువ పెరుగుతుందే కాని తగ్గదు. అది కావాలనుకున్న నాటికి ఆ జన్యువులు మందలో మిగిలి ఉండాలి.

పుంగనూరు: పెరుగుదలలోని చిక్కు

చిత్తూరు జిల్లా పుంగనూరు పరిసరాలకు చెందిన పొట్టి ఆవు ఒక దశలో అంతరించే అంచుకు చేరింది. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, తక్కువ మేతతో జీవించగల గుణం, వెన్న శాతం అధికంగా ఉండే పాలు దీని ప్రత్యేకతలు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు విస్తరించిన కాలంలో రోజుకు కొద్ది లీటర్లు మాత్రమే ఇచ్చే ఈ ఆవును రైతులు వదులుకున్నారు. పలమనేరులోని పశు పరిశోధన స్థానం దీనిని కాపాడే కేంద్రంగా నిలిచింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఆ స్థానం దాని పరిధిలోకి వచ్చింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం పిండమార్పిడి వంటి ఆధునిక పద్ధతులతో ఈ జాతిని వృద్ధి చేసేందుకు 'మిషన్ పుంగనూరు' కార్యక్రమాన్ని చేపట్టింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న చిత్రాలు దేశమంతటా ప్రచారం పొందాయి. నేడు ఈ ఆవు ధర లక్షల రూపాయల్లో పలుకుతున్నది.

గిరాకీ ఒక జాతిని బతికిస్తుందనడానికి ఇది నిదర్శనమే. అయితే ప్రమాద అంచనా ఇక్కడితో ముగియదు. కొనుగోలుదారులు అడుగుతున్నది పుంగనూరు జాతిని కాదు, పొట్టితనాన్ని. ఎంత పొట్టిగా ఉంటే అంత ధర. అందువల్ల ఇతర పొట్టి పశువులతో సంకరం చేసిన దూడలను కూడా పుంగనూరుగానే అమ్మే అవకాశం ఏర్పడింది. కేవలం పొట్టితనం కోసం ఎంపిక చేస్తూ పోతే కొద్ది ఆబోతుల సంతానమే అంతటా వ్యాపించి, ప్రభావక సంఖ్య కుంచించుకుపోతుంది. పాలు, చూడి నిలిచే శక్తి వెనుకపట్టు పడతాయి. మరొక చిక్కు కూడా ఉన్నది. నగర శివారులోని ఒక తోటలో ముచ్చటకు పెంచుకునే ఒంటరి ఆవు పశుగణనలో పుంగనూరు ఆవుగానే నమోదవుతుంది. సమీపంలో ఆ జాతి ఆబోతు గాని, ఆ జాతి వీర్యం అందించే కేంద్రం గాని లేకపోతే, అది జాతి మనుగడకు లెక్కలోనిది కాదు. కాబట్టి పుంగనూరు విషయంలో గణనలో కనిపించే పెరుగుదలను వంశావళి నమోదుతోను, జన్యు పరీక్షతోను సరిచూడటం అవసరం.

కేరళలోని వేచూరు ఆవు అనుభవం ఈ సందర్భంలో పరిశీలించదగినది. కొట్టాయం జిల్లాకు చెందిన ఈ పొట్టి జాతి అంతరించిందనే భావించారు. 1989లో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య శోశమ్మ ఐప్, ఆమె విద్యార్థులు ఊరూరా వెదికి మిగిలిన కొద్ది పశువులను సేకరించి జాతిని నిలబెట్టారు. ఈ కృషికి ఆమెకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. అతి కొద్ది పశువులతో మొదలైన మంద కనుక ఏ ఆబోతును ఏ ఆవుతో కలపాలన్నది అక్కడ మొదటి నుంచి ముఖ్యమైన ప్రశ్నే అయింది.

ఒకే చోట ఉన్న ముప్పు

జాతి మొత్తం ఒకే ప్రాంతంలో ఉంటే సంఖ్య ఎంత ఉన్నా ఒక విపత్తు చాలు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనలో మనుషులతోపాటు వేలాది పశువులు కొట్టుకుపోయాయి. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగినప్పుడు లేక్ డిస్ట్రిక్ట్ కొండలకే పరిమితమైన హెర్డ్‌విక్ గొర్రె ఒక్కసారిగా ప్రమాదంలో పడింది. అప్పటి నుంచి ఆ దేశంలో ప్రమాద అంచనాకు జాతి ఎంత విస్తీర్ణంలో వ్యాపించి ఉన్నదనే అంశాన్ని కూడా పరిగణిస్తున్నారు. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లతో మొదలై వ్యాపించిన ముద్దచర్మ వ్యాధి లక్షకు పైగా పశువులను బలిగొన్నది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ సోకినప్పుడు ఫారాల్లోని కోళ్లను పెద్ద ఎత్తున చంపవలసి వచ్చింది. ఫారం కోడిని కొత్త పిల్లలతో నెలల్లో తిరిగి నింపవచ్చు. ఏదైనా ఒక దేశవాళీ కోడి జాతి మూలమంద అటువంటి నిషేధిత మండలంలో ఉంటే అది సాధ్యం కాదు. అందుకే పరిరక్షణ మందను కనీసం రెండు, మూడు దూరప్రాంతాల్లో ఉంచాలన్నది నిపుణుల సూచన.

ఒంగోలు: బ్రెజిల్‌లో కోట్లు, ఇంటి వద్ద ఎన్ని?

ఒంగోలు జాతి చరిత్ర మిగిలినవాటికి భిన్నమైనది. 1868లో ఒక జత ఒంగోలు పశువులు బ్రెజిల్‌లోని బహియా తీరానికి చేరాయి. తరువాతి దశాబ్దాల్లో, చివరిగా 1960ల ప్రారంభంలో మరికొన్ని వెళ్లాయి. అక్కడ 'నెలోర్' పేరుతో స్థిరపడిన ఈ జాతి నేడు బ్రెజిల్ మాంసపు పశుసంపదలో అత్యధిక భాగాన్ని ఆక్రమించింది. ప్రపంచ స్థాయిలో చూస్తే ఒంగోలు రక్తానికి ఏ లోటూ లేదు. అయితే అక్కడ నూరేళ్లకు పైగా ఎంపిక జరిగింది మాంసం కోసం. ఇక్కడ నల్లరేగడి నేలల్లో లోతు దుక్కి దున్నగల బలం, పాలు రెండూ ఉన్న పశువుగా రైతు దీనిని తీర్చిదిద్దాడు. అవసరం వచ్చినప్పుడు బ్రెజిల్ నుంచి తెచ్చుకోవచ్చన్న వాదన అందువల్ల పూర్తిగా నిలవదు.

ట్రాక్టరు వచ్చాక ఒంగోలు ఎద్దుకు పొలంలో పని తగ్గింది. బండలాగుడు పోటీలు గిత్తలకు గౌరవాన్ని నిలిపాయి. కాని పోటీ గిత్తను పెంచే యజమాని ఆవును కూడా పెంచుతాడన్న హామీ లేదు. గుంటూరు సమీపంలోని లాం ఫారం, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను సంతానోత్పత్తి కేంద్రం ఈ జాతి పరిరక్షణలో పాలుపంచుకుంటున్నాయి. చింతలదేవి కేంద్రం దక్షిణ భారతానికి ఉద్దేశించినది కాగా, ఉత్తర భారతానికి మధ్యప్రదేశ్‌లోని ఇటార్సీ వద్ద ఇటువంటిదే నెలకొల్పారు. అయినా ప్రభుత్వ క్షేత్రాల్లోని మందలు రైతు ఇంటి మందలకు ప్రత్యామ్నాయం కాజాలవు. ఏ జాతికైనా అసలు రక్షణ దానిని లాభసాటిగా పెంచుకునే రైతు వద్దే ఉన్నది. సంతానోత్పత్తి వయసులోని ఆవులు రైతుల ఇళ్లలో ఎన్ని ఉన్నాయి, వాటి యజమానుల వయసు ఎంత, వారి పిల్లలు పశుపోషణ కొనసాగిస్తారా అన్న ప్రశ్నలను కూడా ఇటీవల నిపుణులు ప్రమాద అంచనాలో చేరుస్తున్నది అందుకే.

పేరులేని పశువులు

20వ పశుగణనలో దేశంలోని దేశవాళీ, జాతి నిర్ధారణ కాని గోవుల సంఖ్య 14.2 కోట్లుగా తేలింది. 2012తో పోలిస్తే ఇది 6 శాతం తక్కువ. అదే కాలంలో విదేశీ, సంకరజాతి గోవులు పాతిక శాతానికి పైగా పెరిగాయి. దేశవాళీ పశువుల్లో సుమారు సగానికి ఇంకా జాతి నిర్ధారణే జరగలేదు. నాటు ఆవు, నాటు మేక అనే ఒకే మాట కింద అవన్నీ గణనలోకి ఎక్కుతున్నాయి. పేరు లేని జాతి అంతరించినా ఏ జాబితాలోను దాని మరణం నమోదు కాదు. ఈ లోటును పూరించేందుకు కర్నాల్ సంస్థ 2021లో జాతి నిర్ధారణ కాని పశువులు లేకుండా చేసే లక్ష్యంతో ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించింది.

తెలంగాణలోని నల్లమల అంచున అమ్రాబాద్ పీఠభూమిలో పెరిగే పొడ తూర్పు పశువులు ఈ కోవలో గుర్తింపు పొందినవే. ఒంటి మీద పొడలతో, అడవి మేతకు, రాళ్ల నేలకు అలవాటుపడిన ఈ పశువులను రైతులు ఎప్పటి నుంచో వేరుగా గుర్తించి, దుక్కిటెద్దుల కోసం ఏరికోరి కొనేవారు. అధికారిక జాతిగా నమోదైనది మాత్రం ఇటీవలే. గాడిదల పరిస్థితి ఇంకా దయనీయం. 2012లో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్లలో ఇది 61 శాతం తగ్గుదల. 2023 నాటి జాబితాలో మూడు గాడిద జాతులు ఉండగా వాటిలో తెలుగు ప్రాంతాలది ఒక్కటీ లేదు. కోస్తా జిల్లాల్లో గాడిద మాంసానికి ఉన్న గిరాకీ తెలిసినదే కనుక ఇక్కడి గాడిదల లెక్క వేరే తీయవలసి ఉన్నది.

ఘనీభవించిన వీర్యం ఎంతవరకు ఆదుకుంటుంది?

ద్రవ నత్రజనిలో వీర్యాన్ని దశాబ్దాల తరబడి భద్రపరచవచ్చు. అందువల్ల జాతి సురక్షితమని భావించడం సరికాదు. ఆ జాతి ఆవు ఒక్కటీ మిగలకపోతే వీర్యాన్ని మరొక జాతి ఆవులకు ఎక్కించి, పుట్టిన పెయ్యలను మళ్లీ అదే జాతి వీర్యంతో చూడి కట్టించుకుంటూ పోవాలి. తొలి తరంలో 50, తరువాత 75, 87.5, 93.75 శాతం చొప్పున పెరిగి ఐదవ తరానికి సుమారు 97 శాతం పాత రక్తం తిరిగి వస్తుంది. గోవుల్లో తరానికి ఐదేళ్లు వేసుకున్నా పాతికేళ్ల పని అది. పిండాలను భద్రపరిస్తే ఈ కాలం బాగా తగ్గుతుంది కాని ఖర్చు ఎక్కువ. న్యూజిలాండ్‌కు చెందిన ఎండర్‌బీ దీవి పశువుల్లో చివరికి 'లేడీ' అనే ఒక్క ఆవు మిగిలినప్పుడు 1998లో శాస్త్రవేత్తలు దాని కణం నుంచి ప్రతిసృష్టి ద్వారా దూడను పుట్టించారు. అంతదాకా రానీయకుండా పదేళ్లు ముందుగా ఆబోతుల లెక్క తీయడానికి అయ్యే వ్యయం దానిలో లేశమాత్రం.

జన్యు పరీక్షలు కూడా అందుబాటులోకి వచ్చాయి. దేశవాళీ గోవుల కోసం రూపొందించిన 'గౌ చిప్', గేదెల కోసం రూపొందించిన 'మహిష్ చిప్'లను 2024 అక్టోబరులో ప్రధానమంత్రి విడుదల చేశారు. మేలైన పశువులను చిన్న వయసులోనే గుర్తించడం వీటి ప్రధాన ఉద్దేశం.

21వ పశుగణన 2024 అక్టోబరు 25న ప్రారంభమైంది. అప్పటికి గుర్తింపు పొందిన 219 దేశవాళీ జాతుల వివరాలను, తొలిసారిగా సంచార కాపరుల వద్ద ఉన్న పశువుల వివరాలను ఇందులో సేకరించేందుకు ఏర్పాటు చేశారు. వలస మందలు లెక్కలోకి రావడం దక్కనీ వంటి జాతులకు ముఖ్యమైన మార్పు. జాతులవారీ అంకెలను పరిశీలించే పాత్రికేయులు, అధికారులు మొత్తం సంఖ్యతోపాటు ఈనదగిన ఆడ పశువుల గడిని, జిల్లాలవారీ విస్తరణను, గత గణనతో తేడాను వేర్వేరుగా చూడవలసి ఉంటుంది. వయసు వచ్చిన మగ పశువులను సంతానోత్పత్తికి, సేద్యానికి, బండికి అని వినియోగాన్ని బట్టి గణనలో విడివిడిగా నమోదు చేస్తారు. జాతికి ఆబోతులు ఎన్ని మిగిలాయో వెదకవలసినది ఆ వరుసలోనే.